యాప్ బందైన రోజు వాగు ఒడ్డున

కంపెనీ బస్సుల డెస్కు మీద ఇప్పుడు కూర్చుంటున్న పిల్లలు ఒక సంగతిలో నాకంటే అదృష్టవంతులు. వాళ్ల ముందు తెర ఉంటుంది, తెర మీద బస్సు ఒక చుక్కలాగా కదులుతూ కనబడుతుంది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో డిపో గేటు దాటిన బస్సు మళ్లీ గేటులోకి వచ్చేదాకా దేవుడి లెక్కలోనే ఉండేది. డ్రైవరు ఏం చెబితే అదే నిజం. అందుకని తెర వచ్చాక నేను కూడా మురిసిపోయాను. అయితే ఆ చుక్క ఎటు పోతోందో కళ్లారా చూస్తూ, అటు పోవద్దని ఒక్క మాట చెప్పలేని స్థితి ఒకటుంటుంది. నాకది ఒక మధ్యాహ్నం ఎదురైంది. డెస్కు మీద ఉన్నవాళ్లకు ఎప్పుడైనా చెప్పాలని అనుకుంటూనే ఇన్నాళ్లు గడిపాను.

నేను ఎర్రబస్సుల డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చోబెడితే కూరలో ఉప్పు మీద, టీవీ శబ్దం మీద చెకింగ్ మొదలుపెట్టాను. మా ఆవిడ కొన్నాళ్లు ఓర్చుకుంది. తర్వాత "నీకు బస్సులే కరెక్టు, పోయి వాటిమీద ఒర్రుకో" అని తనే నన్ను మళ్లీ పనిలోకి తోలింది.

ఇబ్రహీంపట్నం చౌరస్తాకు కొంచెం అవతల, టీ కొట్టు పక్క షట్టరులో ఒక ప్రైవేటు బస్సుల ఆఫీసు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆదిభట్లలో విమానాల భాగాలు తయారుచేసే ఒక కంపెనీకి షిఫ్టుల ప్రకారం మనుషులను చేరవేయడం మా పని. ఓనర్‌ది వ్యవసాయ కుటుంబం. ప్లాట్ల వెంచర్లు వచ్చినప్పుడు కొంత పొలం అమ్మి బస్సులు కొన్నాడు. మంచివాడే. కాకపోతే ఏ ఇబ్బంది చెప్పినా "నడుస్తుంది గద, నడువనీయుండ్రి" అనేవాడు. ఆయన నోట ఇంకో జవాబు నేను విన్న గుర్తు లేదు.

డెస్కు మీద నాతో పాటు ఒక అమ్మాయి ఉండేది. బడంగ్‌పేట్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. చురుకైన పిల్ల, నోరు ఇంకా చురుకు. నా మీద కోపం లేనప్పుడు సార్ అనేది, కోపం వస్తే అంకుల్ అనేది. నేను అంకుల్ అనిపించుకున్న రోజులే ఎక్కువ.

మా పని మొత్తం ఒక మెసేజీల యాప్ మీద నడిచేది. అదే మీ ఫోన్లోనూ ఉంటుంది, పేరు చెప్పనక్కర్లేదు. డ్రైవర్లకు ఒక గ్రూపు, రూటుకొక గ్రూపు. బస్సు ఆలస్యమైనా, దారి మారినా, బండి మారినా కబురు అందులోనే. ఎక్కే ఆడవాళ్ల ఫోన్ నంబర్లు బస్సులవాళ్ల చేతికి ఇవ్వకూడదని కంపెనీ నియమం పెట్టింది. అంతకుముందు వేరే ఎవరి దగ్గరో ఒక డ్రైవరు ఒకమ్మాయికి వేళాపాళా లేకుండా ఫోన్లు చేశాడట. అందుకని గ్రూపులో ఎవరి నంబరూ ఎవరికీ కనబడకుండా ఏర్పాటు చేశారు. మంచి నియమమే, నేనేమీ తప్పుపట్టను. మాకు మాత్రం వాళ్లతో మాట్లాడే దారి ఆ ఒక్కటే మిగిలింది.

అసలు యాప్‌తో ఒక చిక్కుంది. ఒకే మాటను కొద్దిమందికి మించి ఒక్కసారిగా పంపనివ్వదు. పుకార్లు పాకకుండా ఆ కంపెనీ పెట్టుకున్న కట్టడి అది. వానాకాలం పొద్దున అన్ని రూట్లకూ ఒక్కొక్కటిగా పంపేసరికి మా డెస్కు అమ్మాయి వేళ్లు నొప్పి పుట్టేవి. అందుకని వాళ్ల తమ్ముడితో ఒక డూప్లికేట్ యాప్ వేయించుకుంది. చూడ్డానికి అసలుదానిలాగే ఉంటుంది, మన నంబరుతోనే పనిచేస్తుంది, కానీ తయారుచేసింది వేరెవరో. ఒక్క నొక్కుతో అన్ని గ్రూపులకూ కబురు పోతుంది. ముందే రాసిపెడితే చెప్పిన టైముకు తనే పంపుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేనే "శభాష్ బిడ్డా" అన్నాను.

కొన్నాళ్లకు తెర మీద హెచ్చరికలు మొదలయ్యాయి. మీరు వాడేది మా యాప్ కాదు, అసలుదానికి మారండి, లేకపోతే మీ ఖాతా ఆపుతాం అని దాని సారాంశం.

"ఇదేంది బిడ్డా, బెదిరిస్తుండ్రు?" అని అడిగాను.

"గది వస్తనే ఉంటది సార్. పక్కన గుర్తు నొక్కితే పోతది," అంది, నొక్కి చూపించింది. నిజంగానే పోయింది.

"నిజంగ ఆపుతరేమో?"

"దేశం మొత్తం వాడుతుండ్రు అంకుల్. ఎంతమందిని ఆపుతరు?"

ఓనర్‌కు కూడా చెప్పాను. ఏమన్నాడో మీకు తెలుసు.

ఇంకో నియమం గురించి కూడా చెప్పాలి. బస్సు నడుస్తుండగా డ్రైవరు ఫోను ఎత్తకూడదు. కంపెనీవాళ్లు స్టీరింగు పైన చిన్న కెమెరా పెట్టించారు, ఫోను చెవి దగ్గరికి పోతే అది కూత పెడుతుంది, ఆ కూత ఆదిభట్లలో వినబడుతుంది. డ్రైవర్లు స్టాపులో బండి ఆపినప్పుడు మెసేజీ చూసుకోవాలి. మెసేజీ లేకపోతే రోజూ పోయే దారినే పోవాలి. సొంత తెలివితో దారి మార్చితే దానికీ సంజాయిషీ ఉంటుంది. ఆ కాగితం గోడకు అంటించింది నేనే. ఫోన్లో మాట్లాడుతూ బస్సు నడిపినవాళ్లు ఏమయ్యారో డిపోలో చూసినవాణ్ని గనుక, ఇప్పటికీ అంటిస్తాను.

మహేశ్వరం వైపు ఊళ్ల నుంచి మధ్యాహ్నం షిఫ్టు ఆడవాళ్లను తెచ్చే డ్రైవరు ఆ నియమానికి ఆ రోజుల్లోనే దొరికాడు. భార్య ఫోను చేస్తే ఎత్తాడు, కెమెరా కూసింది, వారం పాటు డ్యూటీ పోయింది. మళ్లీ బండి ఎక్కిన రోజు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "సార్, ఇగ దేవుడు ఫోన్ చేసినా ఎత్త," అన్నాడు. మాట మీద నిలబడే మనిషి. మా డిపోకు అద్దె బస్సు నడిపిన రోజుల నుంచి నాకు తెలుసు. స్టీరింగు మీద చేయి మంచిది, కొంచెం మొండి.

అసలు రోజుకొస్తాను. వాన పట్టి అప్పటికి కొన్నాళ్లయింది. చెరువులు నిండి కట్టల పక్క మత్తళ్ల మీదుగా నీళ్లు దుంకుతున్నాయి. జనం ట్రాక్టర్లెక్కి మరీ మత్తడి చూడ్డానికి పోతున్నారు. పొద్దుటి షిఫ్టు బస్సులన్నీ క్షేమంగా చేరాయి. నేను టీ చెప్పి కూర్చున్నాను. అప్పుడు మా అమ్మాయి "సార్" అంది. ఆ గొంతు విని, గ్రూపులన్నీ నడిపే డెస్కు ఫోన్ లాక్కుని చూశాను. యాప్ తెరుచుకోవడం లేదు. ఖాతా తాత్కాలికంగా నిలిపేశారు, కింద ఒక గడియారం వెనక్కి తిరుగుతోంది. అది సున్నాకు వచ్చేదాకా ఏమీ చేయడానికి లేదు.

"నేను చెప్పిననా లేదా?" అన్నాను.

"చెప్పినందుకే అయింది, మీ నోరు మంచిది కాదు అంకుల్," అంది.

ఇంతలో నా మామూలు నంబరుకు డ్రైవర్ల ఫోన్లు మొదలయ్యాయి. పొద్దుటి ట్రిప్పు దించి బండ్లు పక్కకు పెట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరే చేస్తున్నారు. "సార్, నా యాప్ బందైంది." "సార్, నాదీ అంతే." నాకు అర్థం కాలేదు. ఒకణ్ని గద్దిస్తే అసలు సంగతి బయటపడింది. మా డ్రైవర్లలో సగం మందికి పైగా అదే డూప్లికేట్ యాప్ వాడుతున్నారు. ఎందుకయ్యా అంటే, మెసేజీ చదివినా అవతలివాళ్లకు నీలం టిక్కులు పడవట. నేను పెట్టిన మెసేజీలు అన్నీ చదువుతూ, చదవనట్టు ఉండటానికి అంతమంది ఏకమయ్యారు. యూనియన్ పెట్టమంటే ఎన్నడూ ఏకం కాలేదు.

ఒళ్లు మండిపోయింది. ఆ మెసేజీల యాప్ వాళ్లను తిట్టాను, డ్రైవర్లను తిట్టాను, ఆ అమ్మాయి తమ్ముణ్ని కూడా వదల్లేదు. నిజానికి యాప్ వాళ్ల మీద కోపానికి నాకేం హక్కుంది? ఇంకొకరి అరుగు మీద అడక్కుండా దుకాణం పెట్టాం. వాళ్లు వచ్చి సామాను బయట పడేశారు. అన్నాళ్లు ఊరుకున్నది వాళ్ల మంచితనమేమో. ఈ వివేకం నాకు తర్వాత వచ్చింది, ఆ పూట రాలేదు.

కోపం చల్లారకముందే టీ కొట్టుకు పాలు పోసే వ్యానతను మా షట్టరు ముందు ఆగాడు. నిలువునా తడిసిపోయి ఉన్నాడు. "సార్, మీ బస్సు గా వాగు దారిల్నే వస్తది గద? వంతెన మీదికెల్లి నీళ్లు పోతున్నయ్. నేనైతే మర్లేసుకొని మెయిన్ రోడ్డు మీదికెల్లి వచ్చిన. జర చెప్పుండ్రి," అన్నాడు.

అది లోలెవల్ వంతెన. పక్కన గోడలు ఉండవు, వాగు కొంచెం పొంగితే నీళ్లు పైనుంచే పోతాయి. అలాంటప్పుడు మెయిన్ రోడ్డు మీదుగా రమ్మని మేం మెసేజీ పెడతాం. మెసేజీ లేకపోతే బస్సు వాగు దారినే వస్తుంది.

తెర చూశాను. మధ్యాహ్నం బస్సు చుక్క అప్పటికే ఊళ్లలో తిరుగుతోంది. ఒక స్టాపులో ఆగింది, కదిలింది. ఆడవాళ్లు ఎక్కుతున్నారు.

ఫోను కలిపాను. మోగింది, మోగి ఆగిపోయింది. మళ్లీ కలిపాను. అమ్మాయి తన ఫోన్‌తో కలిపింది. "ఎత్తుతలేడు సార్."

"ఎట్ల ఎత్తుతడు? ఎత్తొద్దని చెప్పింది మనమే గద," అన్నాను.

అమ్మాయి తన ఫోన్ నుంచి మామూలు ఎస్సెమ్మెస్ పెట్టింది. దాన్ని ఎవరు చూస్తారు? లోన్లిస్తాం, ప్లాట్లిస్తాం అనే మెసేజీల కింద ఎక్కడో పడి ఉంటుంది. ఆదిభట్ల కంపెనీ ట్రాన్స్‌పోర్టు విభాగానికి ఫోను చేశాను. బస్సులో ఉన్న ఏ ఒక్క ఆడమనిషికైనా ఫోన్ చేయండి, మీ దగ్గర నంబర్లున్నాయి అన్నాను. అవతల కుర్రగొంతు చాలా మర్యాదగా చెప్పింది.

"నంబర్లు తీయాలంటే మేడమ్ పర్మిషన్ కావాలె సార్. మేడమ్ మీటింగ్‌ల ఉన్నరు. మీరు ఒక మెయిల్ పెట్టుండ్రి."

"మెయిల్ చదివేలోపు బస్సు వాగుల ఉంటది బాబూ!"

"అర్థమైంది సార్. నేను ట్రై చేస్త. మెయిల్ కూడా పెట్టుండ్రి."

ఆ అబ్బాయిని తప్పుపట్టలేను. పాపం, లేచి వెళ్లి మీటింగు తలుపు కూడా కొట్టాడని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం నాకు ఫోను విసిరికొట్టాలనిపించింది.

చుక్క ఇంకో స్టాపులో ఆగింది. ఇప్పుడు ఫోను చూసుకుంటాడు కదా అని ఆశ. మళ్లీ కలిపాం. ఎత్తలేదు. స్టాపులో అతను చూసేది యాప్, యాపేమో చచ్చి ఉంది. మా నంబరు చూసినా, ఇదేదో నన్ను పరీక్షిస్తున్నారని అనుకొని ఉంటాడు. చుక్క కదిలింది. ఇంకొక్క ఊరు దాటితే వాగు.

"నేను పోతున్న," అని స్కూటరు తాళాలు తీసుకున్నాను.

"ఒక్కరే పోయి ఏం జేస్తరు? చుక్క ఎవలు చూడాలె?" అంటూ అమ్మాయి వెనక ఎక్కింది. ఫోన్‌ను పాలిథిన్ సంచిలో పెట్టుకుంది.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. వాన ముఖం మీద సూదుల్లా కొడుతోంది. రోడ్డు మీద గుంతలు నీళ్లతో నిండి ఏది రోడ్డో ఏది గుంతో తెలియదు. వెనకనుంచి ఆ పిల్ల అరుస్తోంది. "ఆగింది సార్!" అంటే నా ప్రాణం కుదుటపడేది. "మళ్ల కదిలింది సార్!" అంటే ఇంకా తొందరగా తోలేవాణ్ని. ఒకచోట సిగ్నలు పోయి చుక్క ఉన్నచోటే బిగుసుకుపోయింది. అది ఆగిన బస్సో, ఆగిన సిగ్నలో చెప్పలేకపోయాం. నేను దేవుణ్ని అంతగా మొక్కే మనిషిని కాను. ఆ పిల్ల నా వెనక ఏసు ప్రభువును పిలుస్తుంటే, నా తరఫున కూడా పిలువు బిడ్డా అన్నాను.

వాగు దగ్గరికి వచ్చేసరికి మా ఒడ్డున నలుగురైదుగురు నిలబడి ఫోన్లతో వీడియోలు తీస్తున్నారు. వంతెన కనబడటం లేదు. ఎర్రమట్టి నీళ్లు దాని మీదుగా సాఫీగా పోతున్నాయి. చూస్తే భయం వేసేలాగా కూడా లేవు. మోకాటి లోతు ఉంటాయేమో అనిపిస్తాయి, అంత నిమ్మళంగా పోతున్నాయి. నా పాత ఉద్యోగంలో నేర్చుకున్నది ఏదైనా ఉంటే అది ఇదే: నీళ్లు నిమ్మళంగా ఉన్నప్పుడే డ్రైవరుకు ధైర్యం వస్తుంది.

అవతలి ఒడ్డున మలుపు తిరిగి మా బస్సు వచ్చింది. లైట్లు వేసుకుని ఉంది. నీళ్లు చూసి నెమ్మదించింది. నేను ఒడ్డు అంచుకు పరుగెత్తి రెండు చేతులూ పైకెత్తి ఊపాను. ఆగు, ఆగు అని గొంతు చించుకుని అరిచాను. వాగు హోరులో నా మాట నాకే వినబడలేదు.

బస్సు ఒకసారి లైట్లు ఆర్పి మళ్లీ వెలిగించింది. ముందుకు కదిలింది.

నేను ఇంకా గట్టిగా ఊపాను. ఇంకా ముందుకొచ్చింది. ముందు చక్రాలు నీళ్లలోకి దిగాయి.

"సార్, చేతులు దించుండ్రి!" అని అమ్మాయి నా చొక్కా పట్టి వెనక్కి గుంజింది. "మీరు రమ్మంటుండ్రనుకుంటుండు! సార్ నిలవడి పిలుస్తుండు, దారి మంచిగనే ఉందనుకుంటుండు!"

చేతులు దించేశాను. ఆ పిల్ల చెప్పింది నిజం. వాగు ఇవతల ఇన్‌చార్జి నిలబడి చేతులు ఊపుతుంటే ఏ డ్రైవరైనా ఏమనుకుంటాడు? మరి ఆగమని ఎలా చెప్పాలి? చేయి అడ్డంగా పెడితే అంత దూరానికి ఊపినట్టే కనబడుతుంది. ముందు చక్రాలు సగం మునిగాయి.

అప్పుడు నా చేయి దానంతట అదే లేచింది. ఎదురెదురు వచ్చే బస్సుల డ్రైవర్ల మధ్య ఒక సైగ ఉంటుంది. మీరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా గమనించి ఉండరు. రెండు వేళ్లతో భుజాన్ని రెండుసార్లు తట్టి, అరచేతిని కిందికి నొక్కుతారు. భుజం మీద నక్షత్రాలున్న ఆఫీసరు ముందున్నాడు, చెకింగ్ ఉంది, ఆగు అని దానర్థం. ఆ సైగ వల్ల మా డిపో చెకింగ్ వాళ్లు ఎన్నిసార్లు ఖాళీ చేతులతో తిరిగొచ్చారో నాకు తెలుసు. దాన్ని మాన్పించడానికి నేను చేయని ప్రయత్నం లేదు, ఇచ్చిన మెమోలకు లెక్క లేదు. జీవితంలో ఒక్కసారి కూడా నేను ఆ సైగ చేయలేదు. ఆ రోజు వాగు ఒడ్డున, వానలో, అందరూ చూస్తుండగా చేశాను. భుజం తట్టాను, అరచేయి నొక్కాను. మళ్లీ తట్టాను, మళ్లీ నొక్కాను.

బస్సు ఆగింది.

ఆగి, ఊపిరి పీల్చేలోపే వెనక్కి నడవడం మొదలుపెట్టింది. నీళ్లలోంచి బయటికి, ఏటవాలు మీదికి, మలుపు దాకా అలా వెనక్కే పోయింది. ఆ ఇరుకు దారిలో అంత వేగంగా వెనక్కి నడపడం అందరికీ చేతకాదు. మలుపు దగ్గర తిరిగి కనబడకుండా పోయింది. అమ్మాయి పాలిథిన్ సంచిలోంచి చూస్తూ, "మెయిన్ రోడ్డు దిక్కు పోతుండు సార్," అంది. అని, రోడ్డు మీద అలాగే కూర్చుని ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. వానలో తెలియదనుకున్నాను గానీ, "మీరు గూడ ఏడుస్తుండ్రు అంకుల్" అని అది కూడా చెప్పేసింది.

బస్సు కంపెనీకి ఆలస్యంగా చేరింది. ఆలస్యానికి కారణం తెలపండి అని సాయంత్రం మెయిల్ వచ్చింది. రోజూ ముందు సీటులో కూర్చునే ఒకావిడ, అక్కడ వైర్ల పని చేసేది, మరుసటి రోజు మా షట్టరుకు వచ్చింది. "సగం మంది పోవద్దు పోవద్దని ఒర్రిన్రు సార్, సగం మంది పో పో లేటైతే సగం దినం కట్ అయితదని ఒర్రిన్రు," అని చెప్పింది. నువ్వు ఏ సగంలో ఉన్నావమ్మా అని అడిగాను. తల దించుకుంది. "పొమ్మన్న సార్. ఇంటికాడ చిన్నపిల్ల ఉన్నది నాకు, అయినా పొమ్మన్న," అంది. ఆమెకు నీళ్లిచ్చి కూర్చోబెట్టాం. ఆ పూట కాసేపు వేరే పని జరగలేదు.

మా అమ్మాయి మర్నాడే డూప్లికేట్‌ను తీసేసి అసలు యాప్ వేసుకుంది. డ్రైవర్లందరి ఫోన్లూ వరసపెట్టి తీసుకుని తనే మార్చింది. ఒక్కడు గొణిగితే, "వాగు దగ్గరికి పోయి ఒర్రు, ఇక్కడ కాదు," అంది. ఇంకెవరూ గొణగలేదు.

వాన తెరిపిచ్చి నీళ్లు తగ్గాక, దారి ఎలా ఉందో చూసి రమ్మని ఓనర్ పంపితే, ఆ డ్రైవర్నే వెంటబెట్టుకుని వెళ్లాను. వంతెన నడుమ రోడ్డు లేదు. అటూ ఇటూ సిమెంటు అంచులు, మధ్యలో బస్సు ముందు భాగం మొత్తం దిగిపోయేంత గొయ్యి, బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు. దాని మీదే ఆ రోజు ఎర్రనీళ్లు అంత సాఫీగా పోతున్నాయి. మేం రాకముందే కూలిందో, వెళ్లాక కూలిందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని నాకూ లేదు.

ఇద్దరం అంచున నిలబడ్డాం. ఏదో ఒకటి మాట్లాడాలని అన్నాను.

"గా యాప్ పాడుగాను. ఒక్క మెసేజ్ పోయుంటే ఇంత దాక రాకపోవు."

అతను గొయ్యిలోకే చూస్తున్నాడు. "మెసేజ్ వస్తే ఆగేటోన్ననుకుంటుండ్రా సార్?"

"అంటే?"

"పోయిన వానకాలం మస్తు సార్లు పెట్టిన్రు, మెయిన్ రోడ్డుకు పొమ్మని. అన్నీ చూసిన. మెయిన్ రోడ్డుకు పోతే లేటైతది, ఆడోళ్లు తిడ్తరు. ఫోన్ పక్కకు పెట్టి ఇట్లకెల్లే దాటిచ్చిన. మీరడిగితే చూడలేదని చెప్పిన."

"మరి మొన్న ఎందుకాగినవ్?"

"చెకింగ్ అనుకున్న సార్. బండికి ఫిట్‌నెస్ కాగితం లేకపాయె. ఓనర్ సాబ్‌కు ఎన్నిసార్లు చెప్పినా నడువనీ అనె. దొరికితే బండి సీజ్ చేస్తరు, నా లైసెన్స్ పోతదని పరేషానైన." చెప్పుతో ఒక రాయిని గొయ్యిలోకి తోశాడు. "నీళ్లదేముంది సార్. గింతనే గద అనుకున్న."

అతన్ని తిట్టాలనుకున్నాను. తిట్టకుండా ఆ తడి సిమెంటు మీదే కూర్చున్నాను. యాప్ సరిగ్గా పనిచేసి ఉంటే మా అమ్మాయి ఒక్క నొక్కు నొక్కేది, మెసేజీ పోయిందని చెప్పేది, నేను కుర్చీలోంచి లేచేవాణ్నే కాదు.